ఒకే నామం, అనేక రూపాలు: రూపాయి నాణేల సేకరణ లేవనెత్తే నైతిక ప్రశ్న

నాణేలు సేకరించేవారిలో పలు తెగలున్నాయి. కొందరు ఒక రాజవంశానికి పరిమితమవుతారు, కొందరు ఒక లోహానికి, మరికొందరు ఒక టంకశాలకు. వీరికి భిన్నంగా, దేశమేదైనా కాలమేదైనా ఒకే మూల్యం గల నాణేలను మాత్రమే ఏరి కూర్చేవారు కొందరున్నారు. రూపాయిని ఎంచుకున్న సేకర్తను ఉదాహరణగా తీసుకుంటే, అతని పళ్లెంలో చార్మినారు బొమ్మ ఉన్న నిజాం రూపాయి, జార్జి చక్రవర్తి తలతో బ్రిటిష్ ఇండియా రూపాయి, స్వతంత్ర భారతదేశపు రూపాయి, నేపాల్, శ్రీలంక, పాకిస్తాన్, మారిషస్, సీషెల్స్ రూపాయలు ఒకే వరుసలో ఉంటాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రూపాయి బిళ్ల. ఏదీ మరొకదాని కంటే ఎక్కువ కాదు, తక్కువ కాదు, అన్నీ ‘ఒకటే’.

ఈ ‘ఒకటే’ అన్న మాట నిజమేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించదలచిన అంశం. ప్రశ్న పైకి కనిపించినంత అమాయకమైనది కాదు. ఒకే పేరు గల వాటిని సమానంగా చూడటం ఎప్పుడు న్యాయమవుతుంది, ఎప్పుడు అన్యాయమవుతుంది అన్న పెద్ద ప్రశ్న దాని లోపల ఉంది. ఈ ప్రశ్నకు సాక్ష్యం కోసం దూరం పోనవసరం లేదు. గోదావరి ఒడ్డున వేదశాస్త్ర పాండిత్యానికి పేరుబడి, మంత్రపురి అని కూడా పిలువబడే మంథని, దాని చుట్టుపక్కల సీమ ఇందుకు చాలినంత సామగ్రిని ఇస్తాయి. రెండు వేల ఏళ్ల కిందటి నాణేలు ఈ సీమలో మట్టిలో దొరికాయి. రెండు రకాల రూపాయలు ఒకే నదికి రెండు ఒడ్డుల చెల్లాయి. నేడు ఈ సీమ నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోనివారున్న పల్లె అరుదు.

రూపం, నామం, జాతి

రూపాయి అన్న మాటకు మూలం ‘రూపం’. ముద్ర కొట్టి రూపం కల్పించినదానికి ‘రూప్య’మని పేరు రావడాన్ని పాణిని వ్యాకరణం సమర్థిస్తుంది. పదహారో శతాబ్దంలో షేర్‌షా సూరి 178 గ్రెయిన్ల వెండితో కొట్టించిన నాణేనికి ఈ పేరు స్థిరపడింది. అంటే పుట్టుకలో రూపాయి రూపాన్ని బట్టి వచ్చిన పేరు. విచిత్రమేమిటంటే నాలుగున్నర శతాబ్దాల ప్రయాణంలో ఆ పేరు మాత్రమే మిగిలింది, రూపం మిగలలేదు. తూకం మారింది, లోహం మారింది, రాజముద్ర మారింది, లిపి మారింది. నామరూపాలు జంటపదంగా వాడుకలో ఉన్నా, రూపాయి విషయంలో అవి విడిపోయాయి. సేకర్త పళ్లెంలో ఉన్నవి ఒకే నామానికి వచ్చిన అనేక రూపాలు.

మరి వాటన్నిటిలో ఉన్న ‘రూపాయితనం’ ఏమిటి? అనేక గోవులలో అనుగతమైన గోత్వం వంటి జాతియేనా? న్యాయశాస్త్రంలో ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది. అనుగతంగా కనిపించే ప్రతి ధర్మమూ జాతి కాదని ఉదయనాచార్యుడు ఆరు బాధకాలు చెప్పాడు. వాటిలో ఒకటి సాంకర్యం. రెండు ధర్మాలు ఒకదానిని విడిచి మరొకటి ఉండగలిగి, మళ్లీ ఒకే వస్తువులో కలిసి కూడా ఉంటే, వాటిని జాతులుగా అంగీకరించడానికి వీలులేదు. వెండితనాన్ని, రూపాయితనాన్ని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. వెండి కడియంలో వెండితనం ఉంది, రూపాయితనం లేదు. 1947 నాటి నికెలు రూపాయిలో రూపాయితనం ఉంది, వెండితనం లేదు. పాత చార్మినారు రూపాయిలో రెండూ ఉన్నాయి. కనుక వెండితనం జాతి అయితే రూపాయితనం జాతి కాలేదు. అది వస్తువులో సహజంగా ఉన్నది కాదు. మనుషుల సంకేతం వల్ల వచ్చి చేరిన ఉపాధి మాత్రమే.

(సీషెల్స్ రూపాయి మీద సముద్రపు శంఖం బొమ్మ ఉంటుంది. రాగి, నికెలు కలిసిన ఆ బిళ్ల వెండిలా మెరుస్తుంది. ముత్యపుచిప్పలో వెండి భ్రాంతిని గురించి శతాబ్దాలు వాదించుకున్న వేదాంతులు దీనిని చూసి ఉంటే ఏమనేవారో!)

‘ఒకటి’ అన్న అంకె సంగతి కూడా ఇటువంటిదే. వైశేషికుల లెక్కలో ఏకత్వం ద్రవ్యంలో ఉండే గుణం; ద్విత్వం మొదలైనవి చూసేవాని అపేక్షాబుద్ధిని బట్టి కలుగుతాయి. నాణెం మీద చెక్కిన ‘1’ మాత్రం ఆ ఏకత్వం కాదు. అర్ధరూపాయి బిళ్ల కూడా వస్తువుగా ఒకటే, అయినా అది ఒక రూపాయి కాదు. నాణెం మీది ఒకటి ఆ లోహపు ముక్కను గురించి ఏమీ చెప్పదు. ఇచ్చేవానికీ పుచ్చుకునేవానికీ మధ్య ఉన్న ఒక లెక్కను చెబుతుంది. ఆ ఇద్దరూ లేనిచోట ఆ అంకెకు అర్థం లేదు. సేకర్త పళ్లెంలో ఆ ఇద్దరూ లేరు.

నదికి ఇవతల ఒక రూపాయి, అవతల ఒక రూపాయి

ఇదంతా కేవలం శాస్త్రచర్చ కాదని మంథని ప్రాంతపు గత శతాబ్ది చరిత్ర చూపిస్తుంది. హైదరాబాదు సంస్థానంలో చెలామణి అయిన రూపాయిని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. కల్దార్ అంటే యంత్రం మీద తయారైనది. హాలీ అంటే ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో సైఫాబాదు టంకశాలలో హాలీ కూడా యంత్రం మీదనే తయారైంది, అయినా కల్దార్ అన్న పేరు దానికి రాలేదు. ‘ప్రస్తుతం చెల్లేది’ అన్న అర్థం గల హాలీ సిక్కా ఇప్పుడు చెల్లదు. పేర్లు ఎంత మొండివో ఈ రెండు మాటలే చెబుతాయి.

హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. కల్దార్ తూకం 11.66 గ్రాములు, వెండి పన్నెండింట పదకొండు పాళ్లు. లెక్క కడితే ఏడు హాలీ రూపాయల్లోనూ ఆరు కల్దార్ రూపాయల్లోనూ దాదాపు 64 గ్రాముల మేలిమి వెండి ఉంది. అధికారిక మారకం కూడా ఇదే: ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. మంథని దిగువన గోదావరి దాటితే సిరొంచ. అది నిజాం ఏలుబడి కాదు, బ్రిటిష్ వారి చాందా జిల్లా. రెండు ఒడ్డుల జనం తెలుగే మాట్లాడేవారు, ‘రూపాయి’ అన్న మాటనే పలికేవారు. నది దాటేసరికి మాట మారేది కాదు, బరువు మారేది.

ఇటువంటి చోట ఒక రైతు ‘వంద రూపాయలు’ అని కాగితం రాసి ఇచ్చాడనుకుందాం. ఏ రూపాయలు? హాలీ అయితే కల్దార్ లెక్కలో 85 రూపాయల 11 అణాల పైచిలుకు. కల్దార్ అయితే హాలీలో నూట పదహారున్నరకు పైన. పేరు ఒకటే అయినంత మాత్రాన అప్పు ఒకటి కాదు. మాట ఇచ్చినవాడు దేనికి కట్టుబడి ఉన్నాడు? రూపాయి అన్న నామానికా, అది రాసిన నాడు అందులో ఉన్న వెండికా, ఆ వెండితో నాడు కొనగలిగిన వడ్లకా? వెండికే కట్టుబడి ఉన్నాడనడం మొదట సబబుగా తోస్తుంది. అయితే ఆ జవాబు ఎక్కువకాలం నిలవలేదు. 1940లో కల్దార్‌లో వెండి సగానికి పడిపోయింది, 1947 నాటికి పూర్తిగా పోయి నికెలు వచ్చింది. ఏడింటికి ఆరు అన్న లెక్క మాత్రం పోలేదు. సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత కూడా, హాలీని కల్దార్‌లోకి మార్చవలసి వచ్చినప్పుడు అదే నిష్పత్తి వాడారు; 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. వెండి పోయాక కూడా వెండి నిష్పత్తి నిలిచిందంటే, దానిని నిలబెట్టింది లోహం కాదు. లెక్క తప్పితే ఎవరో ఒకరు నష్టపోతారన్న ఎరుక దానిని నిలబెట్టింది.

ఇక్కడే నూటపదహార్ల ప్రస్తావన చేయక తప్పదు. మంథని వంటి ఊళ్లలో వేదపండితులకు సంభావనగా నూటపదహార్లు ఇవ్వడం చిరకాలపు ఆచారం. వంద కల్దార్లకు సమానంగా ఉండాలని హాలీలో 116 ఇచ్చేవారని, ఆ అలవాటే మిగిలిపోయిందని ఒక వివరణ బహుళ ప్రచారంలో ఉంది. వినడానికి ఇంపుగా ఉన్నా ఈ వివరణ పరీక్షకు నిలవదు. వంద కల్దార్లకు సరి అయినది 116 కాదు, 116 రూపాయల 10 అణాల 8 పైసలు. పండితునికి పదణాల ఎనిమిది పైసలు ఎగ్గొట్టడం సంభావన ఎలా అవుతుంది? వెయ్యికి సరిపడేది 1,166 రూపాయల చిల్లర, కాని లోకంలో ఇచ్చేది వెయ్యినూటపదహార్లు. అన్నిటికీ మించి, హాలీ చెలామణి లేని సర్కారు జిల్లాల్లోనూ ఈ ఆచారం ఇంతే బలంగా ఉంది. అయినా తప్పుడు వివరణలు కూడా ఒక సత్యాన్ని పట్టి ఇస్తాయి. రెండు రూపాయల మధ్య తేడాను తెలుగువారు ఎంతగా మనసుకు పట్టించుకున్నారంటే, దానికి సంబంధం లేని ఆచారానికి కూడా దానినే కారణంగా ఊహించుకున్నారు. పుచ్చుకునేవాడు తక్కువ కాకూడదన్న ఆరాటం ఆ ఊహలో ఉంది.

చెల్లడం

నాణెం గురించి తెలుగు భాషలో ఉన్న మాటల్లో చాలా లోతైనది ‘చెల్లు’. నాణెం చెల్లుతుంది. అప్పు చెల్లిపోతుంది. పెద్దమనిషి మాట చెల్లుతుంది. ఇవ్వవలసినది ఇవ్వడం చెల్లించడం. బాకీ తీరిందని రాసి ఇచ్చేది చెల్లుచీటీ. నాణేనికి, బాకీకి, మాటకు ఒకే క్రియను వాడే ఈ భాషలో నాణేన్ని లోహంగా కాక మాటగా చూడటం కష్టమైన పని కాదు. మాట ఎదుటివాడు అంగీకరిస్తే చెల్లుతుంది. నాణెమూ అంతే.

రిజర్వు బ్యాంకు నోట్ల మీద ఇన్ని రూపాయలు చెల్లిస్తానని గవర్నరు చేసిన వాగ్దానం ఉంటుంది. ఒక రూపాయి నోటు మీద ఆ వాగ్దానం లేదు. దానిని విడుదల చేసేది భారత ప్రభుత్వం, సంతకం చేసేది ఆర్థిక కార్యదర్శి. చట్టం దృష్టిలో ఆ నోటు కూడా రూపాయి నాణేనితో సమానం. కారణం సులభంగానే గ్రహించవచ్చు. వంద రూపాయల నోటు చేసే వాగ్దానం రూపాయల కోసం. రూపాయే ఇంకొక దానిని వాగ్దానం చేస్తే ఆ వరుసకు అంతం ఉండదు. అందువల్ల వాగ్దానాలన్నీ వచ్చి ఆగేచోట, ఏ వాగ్దానమూ లేకుండా, ‘ఒక రూపాయి’ నిలబడి ఉంది. రేపు దానిని ఇంకొక చెయ్యి పుచ్చుకుంటుందన్న నమ్మకం తప్ప దాని కింద మరొక ఆధారం లేదు.

సేకర్త ఆ ఇంకొక చెయ్యిని లేకుండా చేస్తాడు. అతడు దాచినది చెల్లని కాసు, లేదా తన వంతుగా చెల్లకుండా చేసిన కాసు. ఇది లోభమనే ఆక్షేపణ ఉంది. ఆ ఆక్షేపణ అంతగా నిలబడదనిపిస్తుంది. లోభి దాచేది చెల్లే నాణేన్ని, చెల్లుతుంది కనుకనే. అతనికి ఒక రూపాయికి మరో రూపాయి సరిపోతుంది, ఎన్ని ఉంటే అంత మేలు. సేకర్తకు అదే రకం రెండోది దొరికితే అది అదనం, ఎవరికైనా ఇచ్చివేయదగినది. లోభి దృష్టిలో నాణేలన్నీ ఒకటే, సేకర్త దృష్టిలో ఏ రెండూ ఒకటి కావు. కాబట్టి సేకర్త మీద పెట్టదగిన అభియోగం లోభం కాదు, వేరొకటి ఉంది.

పళ్లెంలోని సమానత్వం

రూపాయి పేరు సముద్రాలు ఎలా దాటిందో చూస్తే ఆ అభియోగం తేటపడుతుంది. చెరకు తోటల పనికి 1834 నుంచి భారతీయ ఒప్పంద కూలీలు మారిషస్ చేరారు. కోరంగి రేవు మీదుగా వెళ్లిన తెలుగువారు వారిలో ఉన్నారు. కూలీలతోపాటు వర్తకమూ భారతదేశంతో ముడిపడటంతో ఇక్కడి రూపాయి అక్కడ చలామణిలోకి వచ్చి, 1877 నుంచి ఆ ద్వీపపు అధికారిక ద్రవ్యమైంది. మారిషస్ తన సొంత రూపాయి నాణేన్ని 1934లో తెచ్చుకుంది. నేటి మారిషస్ రూపాయి మీద ఒప్పంద కూలీల సంతతివాడైన శివసాగర్ రాంగులాం ముఖం ఉంది. ఆ బిళ్లను పళ్లెంలో పెట్టేటప్పుడు సేకర్త దానిని భారత రూపాయికి బంధువుగా పెడతాడు. బంధుత్వం నిజమే, కాని అది చెరకు తోటల మీదుగా వచ్చింది.

తూర్పు ఆఫ్రికాలో కథ మరింత కఠినంగా ఉంది. జర్మన్ తూర్పు ఆఫ్రికాలో 1890 నుంచి శిరస్త్రాణం ధరించిన విల్హెల్మ్ చక్రవర్తి బొమ్మతో రూపాయలు వెలువడ్డాయి. అందమైన నాణేలు, సేకర్తలు వాటి కోసం ఆశపడతారు. పక్కనే ఉన్న బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాలోనూ రూపాయే నడిచింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వెండి ధర పెరిగి, అంతవరకు ఒక షిల్లింగు నాలుగు పెన్నీలున్న రూపాయిని 1920లో అక్కడ రెండు షిల్లింగుల దగ్గర స్థిరపరిచారు. రూపాయల్లో అప్పు తీసుకుని పంట పౌండ్లలో అమ్ముకునేవారికి అప్పు ఒక్కసారిగా సగం మేర పెరిగినట్టయింది. గోదావరి ఒడ్డున హాలీ, కల్దార్ల మధ్య తలెత్తిన ప్రశ్నే ఇది. వందకు వందే రాసి ఉంది, ఎక్కువ మాత్రం ఎవరు చెల్లించాలి? కొద్దికాలానికే రూపాయిని తీసివేసి షిల్లింగు తెచ్చారు.

ఇప్పుడు ఈ రూపాయలన్నీ పళ్లెంలో పక్కపక్కన ఉన్నాయి. గడులు ఒకే కొలతలో ఉన్నాయి. వాటి మధ్య ఉన్న ఎక్కువ తక్కువలు, వాటిని సంపాదించినవారు పడిన శ్రమలోని తేడాలు, ఒక రూపాయి నుంచి ఇంకొక రూపాయికి మారే వేళ ఎవరో ఒకరు మోసిన నష్టం, ఇవేవీ ఆ వరుసలో కనిపించవు. సేకర్త అబద్ధం చెప్పలేదు. ప్రతి బిళ్ల మీదా ‘ఒక రూపాయి’ అనే ఉంది. అయినా వాటిని అలా అమర్చడంలోనే, నిజంలో లేని సమానత్వం ఒకటి ఏర్పడుతుంది. పేరు సమానమైనంత మాత్రాన మనుషులు సమానంగా ఉన్నట్టు కనిపించడం రాజకీయాల్లో తెలిసిన భ్రమే. నాణేల పళ్లెంలో అది నిశ్శబ్దంగా, అందంగా ఉంటుంది.

దీనికి సేకర్త ఇవ్వగల సమాధానం ఒకటుంది, అది తేలికగా కొట్టివేయదగినది కాదు. ఒకే పేరు కింద పేర్చినప్పుడే తేడాలు కనిపిస్తాయి గదా అని అతడు అనవచ్చు. హాలీని కల్దార్ పక్కన పెట్టకపోతే రెండింటి వెండిని పోల్చాలన్న ఆలోచనే రాదు. దేశాల వారీగా దాచినవాడికి ఈ ప్రశ్న తోచదు; ఒకే మూల్యం వెంట పడినవాడికే తోస్తుంది. ఇది నిజం. అయితే పోలిక కన్నుతో జరగదు. ఏ నాణెం ఎప్పటిది, ఎక్కడిది, ఎవరి చేతి నుంచి వచ్చింది అన్న సమాచారం పక్కన ఉంటేనే జరుగుతుంది. కాబట్టి సేకర్త బాధ్యత నాణెంతో కాక, నాణెం పక్కన పెట్టే చీటీతో మొదలవుతుంది.

కోటిలింగాల నేర్పేది

చీటీ ఎంత ముఖ్యమో మంథనికి ఎగువన గోదావరి ఒడ్డునే ఉన్న కోటిలింగాల చెబుతుంది. ఈ ఊరి దిబ్బల మీద, వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు, పాత నాణేలు తేలేవి. స్థానికులకు దొరికిన ఆ నాణేలను సంగనభట్ల నరహరి శర్మ ఓపికగా సేకరించారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి పండితలోకం దృష్టికి తెచ్చారు. చిముక, శ్రీ సాతవాహన వంటి పేర్లతోపాటు గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు వాటి మీద బయటపడ్డాయి. ఈ చివరి నలుగురినీ లోకానికి చాటినవి నాణేలే. ఒక సేకర్త లేకపోతే ఆ రాజులు లేరు. సేకరణ మీద నైతిక విమర్శ చేసేవారు ఈ ఒక్క సంగతి ముందు కొంచెం తలవంచవలసి ఉంటుంది.

మట్టి మీద తేలిన నాణేనికీ తవ్వకంలో తన పొరలో దొరికిన నాణేనికీ మధ్య తేడా మాత్రం తొలగిపోదు. చిముక ఎవరు, పురాణాలు చెప్పే సాతవాహన వంశ మూలపురుషుడేనా, సమగోపునికి ముందువాడా తరువాతివాడా అన్న ప్రశ్నలకు నాణెం మీది అక్షరాలు సగమే జవాబిస్తాయి. మిగిలిన సగం ఏ నాణెం ఏ పొరలో, దేనితోపాటు పడి ఉందన్న దానిలో ఉంటుంది. నాణేన్ని తీసి, కడిగి, జేబులో వేసుకున్న క్షణాన ఆ సగం పోతుంది. నరహరి శర్మ వంటి వారు ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకున్నందువల్ల ఆ నష్టం కొంత తగ్గింది. అమ్మకానికి పోయిన నాణేల విషయంలో తగ్గలేదు. ఎల్లంపల్లి శ్రీపాదసాగర్ జలాశయపు ముంపు ప్రాంతంలో కోటిలింగాల కూడా ఉంది.

చట్టం ఈ విషయంలో తన వంతు ప్రయత్నం చేసింది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే ఆ సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. చట్టం రాసిననాడు పది రూపాయలంటే వంద గ్రాములకు మించిన మేలిమి వెండి. నేడు పది రూపాయలంటే బస్సు కండక్టరు తిరిగి ఇచ్చే ఒక చిన్న బిళ్ల. రూపాయి పేరును నమ్ముకున్న శాసనానికి ఆ పేరే చేసిన అపకారం ఇది.

ఖాళీ గడి

పేరు నిలిచి విలువ జారడం మంథనికి మరొక విధంగా కూడా దగ్గరి విషయం. 1957 నుంచి 1977 వరకు మంథని నియోజకవర్గానికి శాసనసభలో ప్రతినిధిగా ఉన్న పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయిన కొద్ది రోజులకే, 1991 జూలై 1న, మళ్లీ 3న, రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. మారకంలో అంత మార్పు వచ్చినా, సేకర్త పళ్లెంలో 1990 నాటి రూపాయికీ 1992 నాటి రూపాయికీ ఆ తేడా చూపే గుర్తు ఏదీ లేదు. బ్యాంకులో రూపాయలు దాచుకున్నవారికి ఆ నిర్ణయం ఇచ్చిన మాటను తగ్గించినట్టే. అయితే కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లి దీనార్లు, దిర్హమ్‌లు పంపుతున్నవారి ఇంట్లో అదే నిర్ణయం వల్ల ఎక్కువ రూపాయలు చేతికి వచ్చాయి. ఒకే నిర్ణయం ఒక ఇంటికి మోసంగా, పక్కింటికి మేలుగా తోచినప్పుడు దానిని న్యాయమనాలో అన్యాయమనాలో రూపాయి అన్న పేరు చెప్పలేదు. ఇది తేల్చడానికి ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారన్నది చూడవలసి ఉంటుంది. వలసపోయినవానికి రాజ్యం ఇచ్చిన మాట ఏదీ లేదు. అతనికి దక్కిన మేలు యాదృచ్ఛికం. దాచుకున్నవానికి ఇచ్చిన మాట ఉంది, అయితే రూపాయి పేరును నిలుపుతానని తప్ప దాని బలాన్ని నిలుపుతానని ఎవరూ రాసి ఇవ్వలేదు. ఈ చిక్కును ఇంతకంటే ముందుకు తీసుకుపోవడం ఆర్థికశాస్త్రజ్ఞుల పని.

గల్ఫ్‌లో ఒకప్పుడు చెల్లినది కూడా రూపాయే. కువైట్, బహ్రెయిన్, ఖతర్, నేటి ఎమిరేట్ల తీరాలలో భారత రూపాయి చలామణి అయ్యేది. బంగారం దొంగరవాణా వల్ల విదేశీ మారకం హరించుకుపోతుండటంతో, 1959లో భారత ప్రభుత్వం ఆ ప్రాంతం కోసం ప్రత్యేకమైన నోట్లు ముద్రించింది. 1961లో కువైట్ తన దీనారును తెచ్చుకుంది, పదమూడు రూపాయల మూడో వంతుకు ఒక దీనారు చొప్పున. 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడు ఖతర్, నేటి ఎమిరేట్లు కూడా దానిని విడిచిపెట్టాయి. ఆ తరువాతి దశకాల్లో తెలంగాణ పల్లెలవారు పని కోసం అక్కడికి వెళ్లేనాటికి రూపాయి వెనుదిరిగి వచ్చేసింది. నేడు ఒక కువైట్ దీనారుకు రెండు వందల యాభై రూపాయలకు పైనే ఇవ్వాలి.

గల్ఫ్ రూపాయి నోటుగానే అచ్చయింది, నాణెంగా రాలేదు. అందువల్ల ప్రపంచంలోని ఒక రూపాయి నాణేలన్నిటినీ కూర్చిన పళ్లెంలో, మంథని చుట్టుపక్కల ఇళ్లలో అందరికంటే ఎక్కువగా మాట్లాడుకునే ఆ తీరానికి గడి ఉండదు. శ్రద్ధగల సేకర్త ఒక గడిని ఖాళీగా ఉంచి, దాని కింద చీటీ పెట్టగలడు: ఏ దేశం, ఏ సంవత్సరాలు, ఎన్ని రూపాయలకు ఒక దీనారు. ఆ గడిలో పెట్టడానికి తిరిగి వచ్చినవారి ఇళ్లలో డబ్బాల అడుగున మిగిలిన చిల్లర ఉంటుంది, కాని అది రూపాయి కాదు. వంద ఫిల్సుల బిళ్లలు, ఒక పక్క తెరచాప పడవ, మరో పక్క అరబ్బీ అక్షరాలు. వాటిని మార్చుకోవడానికి బ్యాంకు ఒప్పుకోదు, పారవేయడానికి ఇంటివారికి మనసు రాదు.